చౌకయు మన్నికయు



నేటి ప్రసంగమునకు నేను గైకొన్న విషయము చౌక పనిముట్లు, చౌక పనిబట్టలు. తర్కవ్యాకరణములు చదివిన వృద్ధుడొకడు కమ్మరికొలిమిని గూర్చియు వడ్రంగిసంచిని గూర్చియు ముచ్చటించుట మీలో కొందఱికి వింతగా తోపవచ్చును. నేను ముప్పదినాలుగేండ్లు ఉన్నతపాఠశాలలో తెలుగు చెప్పి విశ్రాంతి గొన్నవాడను. నా యెదుట బల్లలపై కూర్చుండి పద్యములు వల్లించిన పిల్లలలో పెక్కుమంది నేడు తాపీపనివారు, వడ్రంగులు, విద్యుత్తు తీగలు బిగించువారు, బండ్లు బాగుచేయువారు. వీథిలో కనబడినప్పుడు వారు నన్నడుగునది యతిప్రాసలను గూర్చి కాదు. "మాస్టారూ, పెద్ద కొట్లో ఐదొందలు చెప్పే సామాను ఆ చవక కొట్లో నూటయాభైకే ఇస్తున్నాడు. కొనమంటారా, వద్దంటారా?" అని యడుగుదురు. దినకూలిపై బ్రతుకువానికి ఇది చిన్న ప్రశ్న కాదు. కొన్న సరకు చెడినచో వాని కూలి పోవును. ఒక్కొక్కప్పుడు వ్రేలు పోవును, కన్ను పోవును. అట్లని యెల్లప్పుడును మేలిసరకే కొనుమని చెప్పుటకును వీలులేదు. ఐదువందలు చేత లేనివానికి ఆ మాట ఎత్తిపొడుపుగా నుండును. అందుచేత ఈ ప్రశ్నకు సమాధానమును చరిత్రలో వెదకితిని. నాకు దొరకిన దానిని మీకు విన్నవించుచున్నాను.

ఈ వివాదము క్రొత్తది గాదు. కౌటిల్యుని అర్థశాస్త్రమును ఆర్. శామశాస్త్రిగారు మైసూరునుండి 1909 లో ప్రకటించిరి. అందు నాలుగవ అధికరణమునకు కంటకశోధనమని పేరు. ప్రజలకు ముల్లువలె గ్రుచ్చుకొను వారిని ఏరివేయుట దాని ప్రయోజనము. ఆ వరుసలో మొట్టమొదట పనివారును, వారి వెంటనే వర్తకులును వచ్చుట గమనింపదగినది. కఱ్ఱతో, లోహముతో, త్రాటితో, తోలుతో, మట్టితో, నూలుతో, ఉన్నితో చేసిన వస్తువులలో మేలుజాతివి కానివానిని మేలుజాతివని చెప్పి యమ్మిన వర్తకునకు వస్తువు వెలకు ఎనిమిదిరెట్లు దండుగ వేయవలెనని అందొక సూత్రము. దాని భావమును జాగ్రత్తగా గ్రహింపుడు. తక్కువజాతి వస్తువును తక్కువజాతి దని చెప్పి తక్కువ వెలకమ్ముట నేరమని ఆ సూత్రము చెప్పదు. నేరమంతయు అబద్ధములో నున్నది. చౌక వేఱు, మోసము వేఱు.

ఈ రెంటిని విడదీయుటయే మన పని. వెల తగ్గుటకు రెండు దారులు కలవు. చేయు పద్ధతి మెఱుగుపడుటచేత వెల తగ్గుట యొకటి. వస్తువులో నుండవలసిన దానినేదో కంటికి కనబడని చోట తీసివేయుటచేత వెల తగ్గుట రెండవది. మొదటిదానిని నేర్పు చౌక యందము; రెండవదానిని కోత చౌక యందము. అంగడిలో ఈ రెండును ఒకే రంగు పూసికొని, ఒకే అరలో ప్రక్కప్రక్కన నుండును. చిక్కంతయు అక్కడనే.

పూర్వము మన గ్రామములలో ఈ చిక్కు ఇంతగా లేదు. కమ్మరియు వడ్రంగియు ఆయగాండ్రలో చేరినవారు. రైతు వారికి వస్తువునకింత యని వెల కట్టి యిచ్చుట అరుదు. పంట కళ్లమున నుండగా మేర కొలిచి యిచ్చెడివాడు. అందుకు బదులుగా నాగటికఱ్ఱు అఱిగినను, కొడవలి కక్కు మొద్దువాఱినను, ఆ యేడంతయు కమ్మరియే సరిచేయవలెను. చెడ్డకఱ్ఱు చేసినచో మరల దానిని కొలిమిలో పెట్టి కొట్టవలసినవాడు తానే గదా! కావున మొదటనే మంచి యినుము వేయుట వానికిని లాభము. ఈ యేర్పాటులో దోషములు లేకపోలేదు. మేర తగ్గించి కొలిచిన ఆసాములును ఉండిరి. నెలలకొలది పని జాపిన కమ్మరులును ఉండిరి. వృత్తిని కులముతో కట్టివేసి, కొడుకును తండ్రి దాగలియొద్దనే నిలిపినదను నింద యెటులైనను ఉన్నది. అయినను చేసినవాడు, ఇచ్చినవాడు, బాగుచేయువాడు, పూచీపడువాడు ఒక్కడే యగుట దానిలోని సుగుణము. నేటి అంగడిలో ఈ నలుగురును నాలుగుచోట్ల నుందురు. ఒక్కొక్కప్పుడు నాలుగు దేశములలో నుందురు.

ఇక పనిముట్టునకు ప్రాణమైన ఉక్కు మాట చెప్పెదను. ఉక్కు మంచిచెడ్డలు కంటితో చూచి తెలిసికొనుట మిక్కిలి కష్టము. తెలంగాణమున నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము మూసలలో కరగించి చేసిన ఉక్కునకు ప్రసిద్ధి కెక్కిన గ్రామము. ఆ యుక్కు కొఱకు పారసీక వర్తకులు అంతదూరము వచ్చెడివారు. దక్షిణదేశపు ఉక్కుముద్దలను జార్జి పియర్సన్ పరిశీలించి 1795 లో లండనులోని రాయల్ సొసైటీకి నివేదించెను. 1819 మొదలుకొని కొన్నియేండ్లు మైకేల్ ఫారడే, కత్తులు చేయుటలో నేర్పఱియైన జేమ్సు స్టోడార్టుతో గూడి ఆ యుక్కు రహస్యమును తెలిసికొనుటకు పరిశోధనలు చేసెను. ఇంగ్లీషువారు దానిని వూట్జు అనిరి. ఆ పేరు మన దక్షిణభాషల ఉక్కు అను మాటనుండి పుట్టినదని పెక్కుమంది మతము. ఇంగ్లండున షెఫీల్డు ప్రాంతమున బెంజమిన్ హంట్సుమన్ అను గడియారములు చేయువాడు, తన గడియారపు స్ప్రింగులకు నమ్మదగిన ఉక్కు దొరకక, 1740 ప్రాంతమున మూసలో ఉక్కు కరగించు పద్ధతిని తానును సాధించెను. ఈ రెండును మేలైన ఉక్కులు, రెండును ప్రియమైనవి. చిన్న మూసలలో కొంచెముకొంచెముగా చేయవలసిన వగుటచేత వాని వెల తగ్గుటకు దారి లేకుండెను.

ఆ దారిని 1856 లో హెన్రీ బెస్సెమర్ చూపెను. కరగిన పోతయినుములోనికి గాలి నూదినచో, అందలి బొగ్గుపదార్థము తానే మండి, అరగంట లోపల కుండెడు ఇనుము ఉక్కగునని ఆతడు చాటెను. అంతకుముందు దినములకొలది పట్టిన పని యిది. ఉక్కు వెల పడిపోయినది. రైలుపట్టాలు, వంతెనలు, ఓడలు ఉక్కుతో కట్టుట సాధ్యమైనది. నేను చెప్పిన నేర్పు చౌకకు ఇంతకంటె గొప్ప నిదర్శనము లేదు. అయినను కథ అంతటితో ముగియలేదు. బెస్సెమర్ పద్ధతిని కొన్న తొలివారిలో పెక్కుమందికి పెళుసుటుక్కు వచ్చినది. వారి యినుపరాతిలో భాస్వరముండెను. బెస్సెమర్ తన పరీక్షలకు వాడిన యినుములో దైవవశమున అది స్వల్పము. భాస్వరమున్న ఉక్కు చూచుటకు మంచిదానివలెనే యుండి, చలిలో దెబ్బ తగిలినప్పుడు ఫెళ్లున విఱుగును. లండను న్యాయస్థానమున గుమాస్తాగా పనిచేయుచు రాత్రులు రసాయనశాస్త్రము చదివిన సిడ్నీ గిల్‌క్రిస్టు థామసు, తన పినతండ్రిబిడ్డ వంటి బంధువగు పెర్సీ గిల్‌క్రిస్టుతో కలిసి 1870 ల చివర, కొలిమి లోపలిగోడకు సున్నపుజాతి పదార్థము మెత్తి, ఆ భాస్వరమును తొలగించు ఉపాయము కనిపెట్టెను. దీనినుండి మనకు తెలియునది యేమనగా, నేర్పు చౌక పుట్టిన తొలినాళ్లలో దాని వెంట తెలియని లోపమును పుట్టుచుండును. దానిని వెదకి సవరించువాడు వచ్చువఱకు నష్టము కొన్నవానిది.

లోపమును తెలియక చేసినవాడు వేఱు. తెలిసి దాచినవాడు వేఱు. షెఫీల్డు ప్రాంతపు కత్తిపనివారి సంఘము 1624 లో పార్లమెంటు శాసనముచే ఏర్పడినది. ఎవరి గుర్తు వారు సరకుపై కొట్టుట, ఒకరి గుర్తును మఱియొకరు వాడకుండ కాచుట దాని ముఖ్యకార్యములు. తరువాత అచ్చులలో పోసిన పోతయినుపు కత్తెరలు, కత్తులు అంగళ్లలోనికి వచ్చెను. మెఱుగు పెట్టినచో అవి సుత్తితో సాగగొట్టిన ఉక్కువస్తువులవలెనే యుండును. అందుచేత 1819 లో మఱియొక శాసనము వచ్చినది. సుత్తితో కొట్టి చేసిన సరకుపైననే సుత్తి బొమ్మ ముద్రింపవచ్చును, పోతసరకుపై ముద్రింపరాదు. చూచితిరా! పోతకత్తిని అమ్మవద్దని శాసనము చెప్పలేదు. దానికి లేని గొప్పను దాని నెత్తిన పెట్టవద్దని మాత్రమే చెప్పినది. కౌటిల్యుడు చెప్పిన మాటయే యిది.

ఆ శతాబ్దము చివర ఇంగ్లండులో జర్మనీ సరకును గూర్చి గొప్ప కలవరము పుట్టినది. జర్మనీలోని సోలింగెన్ పట్టణమునుండి చౌకకత్తులు వచ్చుచున్నవనియు, కొన్నింటిపై షెఫీల్డు పేర్లు దొంగతనముగా కొట్టబడుచున్నవనియు మొఱపెట్టుకొనిరి. జర్మనులలోనే ఫ్రాంజు రాయ్లో అను యంత్రశాస్త్రవేత్త 1876 లో ఫిలడెల్ఫియా ప్రదర్శనమునకు పోయి, తన దేశపు సరకు చౌకయు చెడ్డయు నని నిర్మొగమాటముగా వ్రాసి స్వదేశమున గగ్గోలు పుట్టించెను. 1887 లో బ్రిటిషు ప్రభుత్వము పరదేశపు సరకుపై పుట్టినచోటు ముద్రింపవలెనని శాసించినది. అవమానచిహ్నముగా కొట్టించిన 'జర్మనీలో చేయబడినది' అను ముద్ర కొన్నియేండ్లకు గౌరవచిహ్నముగా మాఱినది. రెండవ ప్రపంచయుద్ధమునకు ముందు చౌకబొమ్మలకు పేరుపడిన జపాను చరిత్రయు ఇట్టిదే. 1950 లో డెమింగు అను అమెరికా గణకుడు అచ్చట ఉపన్యాసములిచ్చినప్పుడు, ప్రతి వస్తువును చివర పరీక్షించుటకంటె చేయుపద్ధతిని అదుపులో నుంచుట మేలని బోధించెను; ఆ దేశమువారు దానిని చెవినిబెట్టిరి. కావున 'ఫలానా దేశపు సరకు, ముట్టరాదు' అను తీర్పు ఎక్కువకాలము నిలువదు. నేడు మన జలంధరు, లూధియానా పట్టణములలో చేసిన చేతిపనిముట్లు విదేశములకు పోవుచున్నవి. ఒకే ఊరిలో మూడు వెలలకు మూడు రకములు చేయువారుందురు. ఊరిపేరు చూచి నిర్ణయింపరాదు.

బట్టల మాటకు వత్తము. అమెరికాలో 1861 మొదలు 1865 వఱకు జరిగిన అంతర్యుద్ధమువలన ప్రత్తి రాక లాంకషైరు మిల్లులు అల్లాడినవి. ప్రత్తి ప్రియమైనప్పుడు నేతనూలు తగ్గించి, ఆ కొఱతను గంజితోను పిండితోను తెల్లమట్టితోను పూరించు వాడుక అచ్చట ప్రబలినది. అట్టి బట్టలు మన దేశమునకును చీనాకును ఎగుమతి యయ్యెను. చేతితో పట్టిన బరువుగా నుండును, మడత గట్టిగా నిలుచును; ఉతికినప్పుడు గంజి నీటిలో కలిసి, మిగిలినది జల్లెడ. దారిలో ఓడ తేమకు బూజుపట్టిన మూటలును ఉండెను. కోత చౌకకు ఇది అచ్చమైన ఉదాహరణము. నేటికిని చౌకకొట్టులో పనిచొక్కా కొనువాడు దాని అంచును రెండు వ్రేళ్లనడుమ నలిపి చూచి, తెల్లపొడి రాలునేమో గమనించుట మేలు.

దీనికి ఎదురైన కథ యొకటి కలదు. అమెరికాలో నెవాడా రాష్ట్రమున రీనో అను ఊర జేకబ్ డేవిస్ అను దర్జీ యుండెను. కట్టెలు కొట్టువారు, గనులలో పనిచేయువారు తమ లాగులు జేబుమూలలయొద్దనే చినుగుచున్నవని చెప్పుకొనెడివారు. గుఱ్ఱపుకంబళ్లకు వాడు రాగిమేకులను ఆతడు జేబుమూలలందు బిగించి చూచెను. లాగులు నిలిచినవి. హక్కుపత్రమునకు చాలినంత సొమ్ము లేక, తనకు గుడ్డ సరఫరా చేయు శాన్‌ఫ్రాన్సిస్కో వర్తకుడు లెవీ స్ట్రాసును తోడు చేర్చుకొనెను. 1873 మే 20 వ తేదీన వారికి హక్కు లభించినది. దీనిలోని విశేషము గమనింపుడు. లాగు అంతటిని రెట్టింపు గుడ్డతో కుట్టలేదు. ఎక్కడ చినుగునో అక్కడ, కొలది వెలతో, చిన్న రాగిమేకు వేసిరి. వస్తువు ఎక్కడ చెడునో ఎఱిగి అక్కడ ఖర్చుపెట్టినవాడు చౌకగా మన్నికను అమ్మగలడు. కోత చౌకవాడు చేయునది దీనికి తలక్రిందులు. ఎక్కడ చెడునో వానికిని తెలియును, అక్కడనే మిగులబెట్టుకొనును.

ఇక ఈ సరకులనన్నింటిని ఒక్కచోట చేర్చిన చౌకకొట్టు ఎట్లు పుట్టినదో చెప్పెదను. ఫ్రాంకు వూల్‌వర్తు అను అమెరికా వర్తకుడు 1879 ఫిబ్రవరిలో యూటికా నగరమున ఏ వస్తువైనను అయిదు సెంట్లను అంగడిని తెఱచెను. అది కొలదివారములకే మూతపడినది. ఆతడు నిరాశపడక ఆ సంవత్సరమే జూనులో పెన్సిల్వేనియాలోని లాంకాస్టరున మఱియొకటి పెట్టెను, అది నిలిచినది. అంతకుముందు వస్తువులు అంగడివాని వెనుక అరలలో నుండెడివి. బేరమాడవలెను, అడిగి తీయించుకొనవలెను. వూల్‌వర్తు సరకును బల్లలపై పఱచి, వెల యొకటే చేసి, తాకి చూచుకొమ్మనెను. చేసినవారియొద్దనే మొత్తముగా కొనుటచేత నడిమివాని లాభము తగ్గినది. బేరమాడుటకు జంకు పేదవానికి ఇది పెద్ద మేలు. 1909 లో ఆతని సంస్థ లివర్పూలులో అంగడి పెట్టి, ఆఱు పెన్నీలకు మించిన వస్తువు తమ యొద్ద లేదని చాటినది. వెల ముందు నిర్ణయమైనప్పుడు వస్తువు ఆ వెలలోనికి ఒదుగవలెను. అందుచేత కొన్ని వస్తువులను భాగములుగా విడదీసి, ఒక్కొక్క భాగమునకు ఆఱేసి పెన్నీలు పుచ్చుకొనిరి. వెలను చూచి వస్తువును కోయుట ఇక్కడ ఆరంభమైనది. ఆ పేరుగల అమెరికా చౌకకొట్లు 1997 లోను, ఇంగ్లండులోనివి 2009 జనవరినాటికిని మూతపడినవి. కాని వారు నేర్పిన వాడుక నేడు మన పేటలలో ఏదైనను ముప్పదిరూపాయల దుకాణముగా వర్ధిల్లుచున్నది.

చౌకకొట్టుపై కొన్నవానికి గల అనుమానమును తీర్చుటకు పూచీ యను ఉపాయము పుట్టినది. సియర్సు అను పెద్ద వర్తకసంస్థ 1927 లో క్రాఫ్ట్స్‌మన్ అను పేరును సంపాదించి, ఆ పేరుతో పనిముట్లనమ్మెను. చేతిపనిముట్టు విఱిగినచో ఎప్పుడైనను, ప్రశ్న యడుగక, క్రొత్తది యిత్తుమని ఆ పేరునకు ప్రతీతి. మన కమ్మరి మేరకు ఇది అంగడి రూపమని నాకు తోచును. ఆ మాటను నమ్మి రెండుమూడు తరములవారు స్పానరులు కొనిరి. అయితే జీవితాంతపు పూచీ యనగా ఎవరి జీవితము? కొన్నవానిదా, వస్తువుదా, అమ్మినవానిదా? 2017 లో సియర్సువారు ఆ పేరును స్టాన్లీ బ్లాక్ అండు డెక్కరు వారికి అమ్ముకొనిరి. 2018 అక్టోబరులో దివాలా పత్రము వేసిరి. పేరు బ్రతికినది, అంగడి పడినది. పూచీ విలువ దానిని నిలువబెట్టువాని నిలుకడను బట్టి యుండును.

పూచీ తీర్చలేని నష్టములును కలవు. హార్బర్ ఫ్రైటు అను అమెరికా చౌకపనిముట్ల సంస్థ 1977 లో పుట్టినది. పెద్ద అంగళ్లలో కొనలేని వేలమందికి అది పనిముట్లనందించినది. వారి ఉపకారమును కాదనరాదు. 2020 లో ఆ సంస్థ తాను అమ్మిన జాకీస్టాండ్లను లక్షలకొలది వెనుకకు పిలువవలసివచ్చినది. జాకీస్టాండనగా పైకెత్తిన బండిని క్రింద పడకుండ నిలుపు ఇనుపముక్కాలిపీట. దాని పండ్లు సరిగా పట్టక, బరువు జాఱి బండి కూలవచ్చునని తేలినది. ఆ పండ్లను చేయు అచ్చులు అఱిగిపోవుట అందుకొక కారణము. వానికి బదులుగా ఇచ్చిన కొన్నింటిలో అతుకులోపము బయటపడి, అవియు వెనుకకు పిలువబడినవి. సొమ్ము తిరిగి యిచ్చుట సులభము. బండిక్రింద పండుకొన్నవాని ఱొమ్ముకు ఏ పూచీయు బదులీయలేదు.

చౌక పనిబట్టలయందు మఱియొక లెక్క కలదు. 2013 ఏప్రిలు 24 వ తేదీన బంగ్లాదేశములో సావర్ అనుచోట రాణాప్లాజా యను భవనము కూలి 1,100 మందికి పైగా మరణించిరి. వారిలో పెక్కురు విదేశపు అంగళ్లకు చౌకబట్టలు కుట్టు స్త్రీలు. గోడలలో బీటలు ముందటిదినముననే కనబడినవి. అయినను పనికి రప్పించిరి. తగ్గిన వెలను కొన్నిచోట్ల కొన్నవాడు గాక కుట్టినవారు చెల్లించుచున్నారు. దీనిని కొనువాడొక్కడు సరిదిద్దలేడు. కాని ఇంత తక్కువ వెల ఎట్లు వచ్చెనను ప్రశ్న మనస్సున మెదలుట మనుష్యధర్మము.

ఇంత చరిత్రయు చెప్పిన పిదప నేను స్వయముగా ఎఱిగిన రెండు సంగతులు చెప్పి తీర్పునకు వత్తును. నా శిష్యుడొక వడ్రంగి నూటయిరువది రూపాయలకు చౌకకొట్టులో నొక ఉలి కొనెను. అప్పటికే వానియొద్ద నాలుగువందల యెనుబదికి కొన్న మంచి ఉలి కలదు. రెంటిపైనను ఆకురాయి రాచి చూపెను. మంచి ఉలిపై ఆకురాయి జాఱినది. చౌక ఉలిని కొఱికినది. దానిని కమ్మరియొద్దకు కొనిపోయి, ఎఱ్ఱగా కాల్చి నీట ముంచి మరల రాచిన, మరల కొఱికినది. "పదును పట్టే ఉక్కు దీన్లో లేదయ్యా" అని కమ్మరి నవ్వెను. నా శిష్యుడు దానిని పాఱవేయలేదు. రంగుడబ్బాల మూతలు తెఱచుటకును, పాతగోడల సున్నము గీకుటకును నాలుగేండ్లుగా వాడుచున్నాడు. "ఆ పనికి నూటయిరవై దండగ కాదండీ, మంచి ఉలి పాడవకుండా కాపాడింది" అని వాని మాట. నాకు అది సరియైన తీర్పుగా తోచినది.

రెండవవాడు తాపీపనివాడు. కట్టడములయొద్ద కాళ్లకు రక్షణగా బూట్లు వేసికొనవలెనని మేస్త్రి చెప్పగా, ఆఱువందలు మిగులునని సంతలో బండిపై నమ్ము జత కొనెను. ముందుభాగమున ఉక్కుకప్పు కలదని అమ్మినవాడు చెప్పెను. ఇనుపకడ్డీల మోపు కాలిపై పడినప్పుడు తెలిసినది, అది రేకు. రెండు వ్రేళ్లు నలిగి, రెండు నెలలు కూలి లేక, వైద్యునకు అప్పుచేసి, నేటికిని ఎడమకాలు ఈడ్చి నడచును. బడిలో పరుగుపందెమున మొదటివాడుగా వచ్చుచుండెడివాడు.

ఈ రెండింటిలోను మోసము ఒకజాతిదే. ఉలిలో ఉక్కు లేదు. బూటులోను ఉక్కు లేదు. ఫలితములు వేఱు. కావున కొనునప్పుడు వేయవలసిన మొదటి ప్రశ్న యిది: ఈ వస్తువు చెడినప్పుడు దెబ్బ దేనికి తగులును? వస్తువునకే తగులునేని, చౌకదానిని నిర్భయముగా కొనవచ్చును. రంగుకుంచెలు, బకెట్లు, కొలతటేపులు, గోకుడుపలకలు, ఏడాదికొకసారి వాడు స్పానరులు, మసిపట్టు పనికి తొడుగు పైచొక్కాలు ఈ కోవలోనివి. చేయుచున్న పనికి తగులునేని, కొంత ఆలోచింపవలెను. వంకర రసమట్టముతో కట్టిన గోడ వంకరయే యగును. ఆ గోడ పడగొట్టు కూలి మంచి రసమట్టపు వెలకంటె ఎక్కువ. దేహమునకు తగులునేని, అక్కడ చౌకకు చోటు లేదు. బూట్లు, తలటోపీ, కంటద్దములు, ఎత్తున కట్టుకొను నడుముపట్టీ, నిచ్చెన, జాకీ, కోతయంత్రపు చక్రము, విద్యుత్తుపనివాని పట్టకారు పిడికి తొడిగిన రబ్బరు, ఇవి ఆ జాతివి.

రెండవ ప్రశ్న: ఎన్నిమాఱులు వాడుదును? క్రొత్తగా పని నేర్చువాడు చౌకసామగ్రితో మొదలుపెట్టి, ఏది ముందుగా అఱిగిపోవునో చూచి, దానికి మాత్రము మేలైనది కొనుట ఉత్తమము. ఏ పనిముట్టు తనకు నిత్యమైనదో ఆ యఱుగుటయే చెప్పును.

మూడవ ప్రశ్న: దీనికి జవాబుదారి యెవరు? మన దేశమున ప్రమాణములు నిర్ణయించు ఇండియన్ స్టాండర్డ్స్ ఇన్‌స్టిట్యూషన్ 1947 లో ఏర్పడినది. నేడు దాని స్థానమున భారతీయ ప్రమాణముల సంస్థ యున్నది. ఐ.ఎస్.ఐ. ముద్రను మీరందఱును ఎఱుగుదురు. రక్షణబూట్లకు ఐ.ఎస్. 15298 అను ప్రమాణము కలదు. అందు రెండవభాగము ననుసరించిన బూటు ముందుకప్పు 200 జౌళ్ల దెబ్బను ఓర్వవలెను. ఇరువదికిలోల బరువు సుమారు ఒక మీటరు ఎత్తునుండి పడినంత దెబ్బ యది. ముద్రతోపాటు సి.ఎం./ఎల్. అను అక్షరములతో మొదలగు అనుమతిసంఖ్య యుండును. ముద్రలను దొంగిలించువారు షెఫీల్డునాటినుండియు ఉన్నారు గనుక, ఆ సంఖ్యను ఆ సంస్థవారు ఫోనులకై ఏర్పఱచిన సాధనములో చూచి నిజమా కాదా తెలిసికొనవచ్చును. చదువురానివారికి ఇంటిలో చదువుకొన్న పిల్లలు ఈ పాటి సాయము చేయుదురుగాక.

చివరగా యజమానులకొక మాట. తలటోపీయు బూట్లును కూలివాడు తన కూలిలోనుండి కొనవలసి వచ్చినచోట, వాడు చౌకదానిని కొనక తప్పదు. వానిని నిందించి లాభము లేదు. పనిచేయించుకొనువాడే వానిని కొని యిచ్చినచో, ఈ ప్రసంగములోని కష్టమైన సగము అక్కడికక్కడనే తీఱిపోవును. తక్కిన సగమునకు ఆకురాయియు, కొంచెము ఓపికయు చాలును.